కొట్టే మగాడు గ్రూపులో కూర్చుంటే మారతాడా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

భార్య మీద చెయ్యి చేసుకునే మగవాళ్లను పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి, వారం వారం మాట్లాడించే గ్రూపు కౌన్సెలింగ్ గురించి పోయిన సంచికలో ఒక చిన్న జవాబు రాశాను. నల్లగొండలో మేం నడిపే గ్రూపు సంగతి కూడా అందులో చెప్పాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేని మీదా రాలేదు, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను కాబట్టి రాసినవాళ్లు భయపడాల్సిన పని లేదు.

సార్, మాది జడ్చర్ల దగ్గర. ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌ని. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. నాకు కోపం ఎక్కువ, కోపం వస్తే ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఈ మధ్య కొడితే ఆమె పెదవి పగిలింది. అంతకుముందు కూడా రెండు మూడుసార్లు అయింది. ఇప్పుడు పుట్టింట్లో ఉంది. గ్రూపు కౌన్సెలింగ్‌కి పోతేనే మాట్లాడతామని మా బావమరిది అంటున్నాడు. నలుగురిలో కూర్చుని ఇంటి విషయాలు చెప్పుకోవడం అంటే తల కొట్టేసినట్టుంది. నేను చెడ్డవాణ్ణి కాదు. డాక్టర్ దగ్గర కోపం తగ్గే మందులు వాడితే సరిపోదా? అసలు ఆ గ్రూపులో ఏం చేస్తారు?

తమ్ముడూ, ముందు కోపం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే దాదాపు ప్రతి ఒక్కరూ మొదటి రోజు చెప్పేది ఇదే. కంపెనీలో మేనేజర్ నలుగురి ముందు నిన్ను తిట్టినప్పుడు నీకు కోపం రాదా? ఒళ్లు మండిపోతుంది. అయినా చెయ్యి లేపవు, ఎందుకంటే లేపితే ఉద్యోగం పోతుందని ఆ క్షణంలో కూడా నీకు తెలుసు. ట్రాఫిక్‌లో బండికి అడ్డం వచ్చిన పోలీసాయన మీద లేపవు. మీ నాన్న మీద లేపవు. ఇంటికి వచ్చాక, ఎదురు కొట్టలేని మనిషి మీద మాత్రమే లేస్తుంది. అంటే నీకు కోపం మీద అదుపు ఉంది, ఎవరి దగ్గర ఆ అదుపు అవసరం లేదో కూడా నీకు బాగా తెలుసు. ఈ మాట కటువుగా ఉందని తెలిసే రాస్తున్నాను.

మా గ్రూపులో ఒకాయన కూడా మొదటి రెండు మూడు వారాలు "నాకేం తెలియలేదు సార్, కళ్లు మూసుకుపోయాయి" అనే చెప్పాడు. మా పద్ధతి ఏమిటంటే, జరిగినదాన్ని "గొడవైంది, కొట్టాను" అని రెండు ముక్కల్లో తేల్చనివ్వం. ఇంట్లోకి ఎన్నింటికి వచ్చావు, చెప్పులు ఎక్కడ విడిచావు, ఆమె ఎక్కడ నిలబడి ఉంది, ఆమె అన్న మాట ఏమిటి, నువ్వన్నది ఏమిటి, ఆ తర్వాత ఏం చేశావు, ఆ తర్వాత, ఆ తర్వాత అని నిమిషం నిమిషం అడుగుతాం. ఆయన చెప్పుకుంటూ వస్తున్నాడు. "లేచిన... తలుపు గడియ పెట్టిన... టీవీ సౌండు పెంచిన..." అక్కడ ఆగాడు. ఎదురు కుర్చీలో కూర్చున్న ఆటో డ్రైవర్ అడిగాడు, "అన్నా, కళ్లు మూసుకుపోతే రిమోట్ ఎట్ల దొరికింది?" ఎవరూ నవ్వలేదు. ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చుని, పక్కింటివాళ్లకి వినపడొద్దని పెంచానని చెప్పాడు. ఆ మాట నేను చెప్పి ఉంటే "మీకేం తెలుసు సార్, మీరు చదువుకున్నోళ్లు" అని కొట్టిపారేసేవాడు. తనలాగే తలుపు గడియ పెట్టిన ఇంకో మనిషి అడిగాడు కాబట్టి తప్పించుకోలేకపోయాడు. నలుగురిలో కూర్చోవడం అంటే తల కొట్టేసినట్టుందన్నావు కదా, అయినా నలుగురిలోనే ఎందుకంటే కారణం ఇదే. ఒంటరిగా కౌన్సెలర్ ముందు కూర్చుంటే మంచి పేరు తెచ్చుకునేలా మాట్లాడటం ఎవరికైనా వస్తుంది. అవే సాకులు తాము కూడా చెప్పి ఉన్నవాళ్ల ముందు అది నడవదు.

మందుల విషయం. నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ దిగులుగా ఉండటం, చచ్చిపోవాలనిపించడం లాంటివి ఉంటే తప్పకుండా సైకియాట్రిస్టుకి చూపించుకో. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. దానికి వైద్యం దానికి జరగాలి. కానీ అన్నం లేటయితే అడిగే హక్కు నాది, జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆమెది అనే లెక్కను తీసేసే మాత్ర ఏ మెడికల్ షాపులోనూ దొరకదు.

గ్రూపులో ఏం జరుగుతుందో చెబుతాను. రాగానే గుండ్రంగా కూర్చోబెట్టం. ముందు నీ ఒక్కడితోనే మాట్లాడతాం, ఏమేం చేశావో వివరంగా అడుగుతాం, అప్పుడే భార్య ఫోన్ నంబరు తీసుకుంటాం. మాతో పనిచేసే ఒక మేడమ్ ఆమెకు విడిగా ఫోన్ చేస్తుంది. ఆమెకు ఇష్టమైతేనే మాట్లాడుతుంది, ఆమె చెప్పింది నీకు చేరదు. నువ్వు గ్రూపులో చెప్పింది కూడా బయటికి పోదు, ఒక్క విషయంలో తప్ప: ఆమెకో పిల్లలకో హాని చేస్తానన్నా, చేస్తావని మాకు అనిపించినా ఆమెకు చెబుతాం, అవసరమైతే పోలీసులకు చెబుతాం. ఇది మొదటి రోజే చెప్పి సంతకం పెట్టించుకుంటాం. ఆ తర్వాత ఆదివారం పొద్దున పూట, కూలి పోకుండా, రెండు గంటలు. ఆరు నెలలు తక్కువ కాకుండా రావాలి. ఒక మగ కౌన్సెలర్, ఒక ఆడ కౌన్సెలర్ కలిసి నడిపిస్తారు, ఎందుకంటే ఆడమనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పోవడం, ఆమె వైపు చూడకుండా నా వైపే చూసి జవాబు చెప్పడం లాంటివి అక్కడికక్కడే పట్టుబడతాయి.

ఒక్క కొట్టడం గురించే మాట్లాడుకుంటామనుకుంటే పొరపాటు. ఈ గ్రూపుల పద్ధతి మొదట అమెరికాలో వచ్చింది. 1977లో బోస్టన్‌లో, దెబ్బలు తిన్న ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే చోట పనిచేసే స్త్రీలు అడిగితే, కొందరు మగవాళ్లు ఎమర్జ్ అనే పేరుతో ఇలాంటి కార్యక్రమం మొదలుపెట్టారు. తర్వాత మిన్నెసోటాలోని డలూత్ అనే ఊళ్లో 1984లో, దెబ్బలు తిన్న ఆడవాళ్లనే అడిగి, వాళ్ల ఇళ్లలో జరిగేదంతా ఒక చక్రం బొమ్మగా గీశారు. చక్రం నడిమధ్య పెత్తనం, అదుపు. ఆకుల్లో బెదిరింపు, చిన్నబుచ్చడం, అందరికీ దూరం చేయడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం, డబ్బు చేతికివ్వకపోవడం లాంటివి. కొట్టడం ఆ చక్రానికి చుట్టూ ఉండే పట్టీ, మిగతా అన్నిటినీ బిగించి పట్టేది. మేం ఆ బొమ్మను మన ఊళ్లకు తగ్గట్టు మాటల్లో పెట్టుకున్నాం. నారాయణపేట వైపు నుంచి పుణెకి మేస్త్రీ పనికి పోయే ఒకతను "నేను ఊళ్లోనే ఉండను సార్, ఇంక కొట్టేదెక్కడ" అన్నాడు. అడుగుతూ పోతే, రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేసి ఫోన్‌ను ఇల్లంతా తిప్పి చూపించమంటాడు, మంచం కింద కూడా. ఆమె చుట్టాలింటికి పోతే ఆ నెల డబ్బులు ఆపేస్తాడు. ఆమె ఒంటి మీద దెబ్బ లేదు, కానీ తొమ్మిది కొట్టే టైముకి ఆమె చేతులు వణుకుతాయి. నీ ఇంట్లో కూడా ఇలాంటివి ఏమున్నాయో రాసుకుని రా, దెబ్బలు రెండు మూడే అయినా ఈ జాబితా పెద్దది కావచ్చు.

పనికొచ్చే మెలకువలు కూడా నేర్పిస్తాం. కోపం పెరుగుతోందని ఒంట్లో ముందే తెలుస్తుంది, దవడ బిగుస్తుంది, గొంతు పెరుగుతుంది. అప్పుడే "నేను బయటికి పోయి గంటలో వస్తా" అని చెప్పి బయటపడాలి. చెప్పిన టైముకి రావాలి. బెల్టు షాపుకి పోకూడదు, బండి తియ్యకూడదు, నడవాలి. నడుస్తున్నంతసేపూ ఆమె తప్పులు లెక్కపెట్టుకుంటూ పోతే ఇంకా మండిపోయి వస్తావు, కాబట్టి నేనేం చేయబోయాను అన్నదే తలచుకోవాలి. ఆమె డబ్బు గురించో, నీ తాగుడు గురించో అడిగిన ప్రతిసారీ ఇట్లా లేచిపోతే అది ఆమె నోరు మూయించే ఇంకో పద్ధతి అవుతుంది, అది కూడా గ్రూపులో అడుగుతాం.

సిగ్గు అన్నావు. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందంటే అది మంచి లక్షణమే, ఇన్నాళ్లూ ఆ సిగ్గును పగిలిన పెదవితో బయటికి పోయి ఆమె మోసింది. ఆమె ఏదో అబద్ధం చెప్పే ఉంటుంది, గడప తగిలిందనో, బాత్రూంలో జారానో. ఇక ఒక్క షరతు మనసులో పెట్టుకో. నేను గ్రూపుకి పోతున్నా కాబట్టి నువ్వు ఇంటికి రావాలి అని ఫోన్ చెయ్యొద్దు, మీ బావమరిది చేత చెప్పించొద్దు. ఆమె వచ్చినా రాకపోయినా నువ్వు రావాలి.

అన్నా, మాది మిర్యాలగూడ దిక్కు. మా ఆయన రైస్ మిల్లులో పనిచేస్తాడు. కొడతాడు, ఒకసారి గొంతు పట్టుకున్నాడు. మూడుసార్లు పెద్దమనుషుల పంచాయితీ అయింది, ఇంకెప్పుడూ కొట్టనని బాండ్ పేపర్ మీద రాసిచ్చి మళ్లీ కొట్టాడు. ఇప్పుడు నేను అమ్మ దగ్గర ఉన్నా. ఎక్కడో గ్రూపు కౌన్సెలింగ్‌లో చేరి నాలుగు వారాలైంది. "పోతున్నా కదా, ఇంకేం కావాలి" అని రోజూ ఫోన్. బతుకమ్మ పండుగ లోపు తీసుకుపోతామని అత్తమామలు వచ్చి కూర్చున్నారు. ఇద్దరం కలిసి కూడా కౌన్సెలింగ్‌కి రమ్మంటున్నారు. పోవాలా? మారుతున్నాడని ఎట్ల తెలుసుకోవాలి?

చెల్లే, అన్నిటికంటే ముందు గొంతు సంగతి. నువ్వు ఒక్క ముక్కలో రాసి దాటేశావు, నాకు మాత్రం మిగతా ఉత్తరమంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. గొంతు పట్టుకున్న మగాడి చేతిలో తర్వాత ఆ భార్య చనిపోయే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. చంపుతానని బెదిరించడం, కడుపుతో ఉన్నప్పుడు కొట్టడం, విడిపోతానన్నప్పుడు వెంటపడటం కూడా అలాంటివే. నీకు ఇప్పటికీ మింగడం కష్టంగా ఉన్నా, గొంతు మారినా డాక్టర్‌కి చూపించుకో, ఎట్ల అయిందో దాచకుండా చెప్పు, చీటీలో రాయించుకో.

నువ్వు పోవాలో వద్దో తేల్చే మనిషిని నేను కాదు, మీ అత్తమామలూ కాదు. కానీ నాలుగు వారాలంటే మా లెక్కలో ఇంకా సాకులు చెప్పే దశ. మొదటి నెలలో అందరూ మంచిగానే ఉంటారు. ఇలాంటి గ్రూపుల్లో మధ్యలో మానేసేవాళ్లు చాలామంది ఉంటారు, మళ్లీ కొట్టేది కూడా వాళ్లలోనే ఎక్కువ. భార్య ఇంటికి తిరిగి వచ్చిన మరుసటి ఆదివారం నుంచి రావడం మానేసిన వాళ్లను నేను చూశాను, వాళ్లు వచ్చిన పని అయిపోయింది మరి. అందుకే ఇలాంటి చోట తొందర పెట్టేది ఎవరు, ఎందుకు పెడుతున్నారు అని చూడాలి. పండుగ ప్రతి ఏడూ వస్తుంది.

మారుతున్నాడో లేదో అతని మాటల్లో వెతకొద్దు. కన్నీళ్లు పెట్టుకోవడం, గుడికి తీసుకుపోవడం, చీర తేవడం, పిల్లల మీద ఒట్టు వేయడం మీ ఇంట్లో ఇంతకుముందూ జరిగే ఉంటుంది. నువ్వు రానంటే ఏం చేస్తున్నాడో చూడు. "సరే, నీ ఇష్టం" అని ఊరుకుని ఆదివారం గ్రూపుకి పోతున్నాడా, లేక రోజుకి పదిసార్లు ఫోన్ చేసి, తర్వాత తిట్టి, తర్వాత ఏడుస్తున్నాడా? ఉత్తరంలో నువ్వు రాసినదాన్ని బట్టి రెండోదే కనిపిస్తోంది. గొంతు పట్టుకున్నది తానేనని వాళ్ల అమ్మానాన్నల ముందు ఒప్పుకుంటాడా, లేక "ఆమె కూడా నోరు జారింది" అని కలుపుతాడా? పిల్లల ఖర్చుకు డబ్బు నువ్వు అడగకముందే పంపుతున్నాడా? అసలు కొలత నీ ఒంట్లోనే ఉంది: ఒకరోజు అతను అడిగినదానికి నువ్వు "కాదు" అన్నప్పుడు గుండె దడదడలాడకుండా అనగలిగావా? అది వచ్చేదాకా అతను మారాడని సర్టిఫికెట్ ఇచ్చే అధికారం కౌన్సెలర్‌కి కూడా లేదు. మా గ్రూపులో అయితే ఎవరికీ అలాంటి కాగితం ఇవ్వం.

ఆశ లేదని చెప్పడం లేదు. బ్రిటన్‌లో మిరబల్ అనే అధ్యయనం 2015లో వచ్చింది. ఈ లెక్కలు గ్రూపులకు పోయిన మగవాళ్లు చెప్పినవి కాదు, వాళ్ల భార్యలు, సహచరులు చెప్పినవి. గ్రూపుకి ముందు నూటికి 61 మంది దెబ్బలు తగిలాయని చెబితే, ఏడాది తర్వాత 2 మందే చెప్పారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ డబ్బు మీద పెత్తనం, ఎక్కడికి పోయావు ఎందుకు పోయావు అని ఆరా తీయడం లాంటివి అంతగా తగ్గలేదు. అమెరికాలో చేసిన కొన్ని అధ్యయనాల్లో ఫలితం చాలా తక్కువగా ఉంది. అంటే గ్రూపు పనిచేసే చోట పనిచేస్తుంది, వచ్చినవాడు తన తప్పు తాను మోయడానికి సిద్ధపడితే.

ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్‌కి ఇప్పుడు ఒప్పుకోవద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు. భయం ఉన్నచోట ఆ గదిలో నువ్వు నిజం చెప్పలేవు, చెబితే దారిలో బండి మీద దాని ఖరీదు కట్టాల్సి వస్తుంది. పైగా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టడంలోనే ఇద్దరి తప్పూ ఉందన్న మాట వచ్చేస్తుంది. మన పెద్దమనుషుల పంచాయితీల్లో జరిగేది ఇదే, అతనికి జరిమానా వేసి నీకు సర్దుకుపొమ్మని చెప్పి లేస్తారు, ఆ జరిమానా కూడా మీ ఇంటి డబ్బే. చట్టం ఇంతకంటే మెరుగ్గా ఉంది. 2005 గృహహింస చట్టంలో 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కౌన్సెలింగ్‌కి పంపొచ్చు. 2006 నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది: కొట్టినవాడు ఎందుకు కొట్టానో సమర్థించుకోవడానికి కౌన్సెలింగ్‌లో వీల్లేదు, ఆ సంగతి మొదలుపెట్టకముందే అతనికి చెప్పాలి. ఎవరైనా కౌన్సెలర్ "అసలు నువ్వేమన్నావమ్మా అతనికి అంత కోపం రావడానికి" అని అడిగితే ఈ నిబంధన గుర్తు చెయ్యి.

అదే చట్టం కింద అత్తింట్లో ఉండే హక్కు నీకుంది, అవసరమైతే అతన్నే ఆ ఇంట్లోంచి బయటికి పొమ్మని కోర్టు చెప్పగలదు. నిన్ను కొట్టొద్దు, వేధించొద్దు అని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు వచ్చాక అతను దాన్ని దాటితే ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా. లాయర్‌కి పైసలు లేవని ఆగిపోవద్దు, ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 15100 కి ఫోన్ చెయ్యొచ్చు. నల్లగొండలో సఖి కేంద్రం ఉంది, అక్కడ కౌన్సెలింగ్, వైద్యం, పోలీసు, లాయరు సాయం ఒకేచోట దొరుకుతుంది, ఐదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181 రాత్రి పగలు పనిచేస్తుంది, ప్రాణం మీదికి వస్తే 112. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఆ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే ఒక్కదానివే పోయి తెచ్చుకోవద్దు, పోలీసులనో సఖివాళ్లనో వెంటబెట్టుకుని పో.

అయ్యా, నాది అచ్చంపేట దగ్గర పల్లె. మా కొడుకు తాగొచ్చి కోడల్ని కొడతాడు. తాగనప్పుడు బంగారం. తాగుడు మానిపిస్తే అన్నీ సర్దుకుంటాయి కదా, గ్రూపులెందుకు? పిల్ల కేసు పెడతానంటోంది, నేను కాళ్లు పట్టుకుని ఆపుతున్నా.

అమ్మా, మీ బాధ అర్థమైంది. తాగుడు మానిపించడం అవసరమే, తాగినప్పుడు దెబ్బలు పెద్దవవుతాయి. అయితే మీ ఊళ్లో తాగేవాళ్లంతా పెళ్లాలను కొట్టరు. మీ వాడు కూడా తాగి సర్పంచ్‌ను కొట్టి ఉండడు, ఇంటికి వచ్చి కోడల్నే కొడుతున్నాడు. అందుకే మందు మానినా చెయ్యి ఆగకపోవచ్చు, మానేసిన కొత్తలో చిరాకు పెరిగి ఇంకా ఎక్కువైన ఇళ్లు కూడా ఉన్నాయి. వైద్యం ఒకటి, గ్రూపు ఒకటి, రెండూ కావాలి.

ఒక జాగ్రత్త చెబుతాను, పాలమూరు వైపు ఇది ముఖ్యం. అతను తాగేది కల్లు అయితే, మన దగ్గర చాలాచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతారు. అలవాటైన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, పిచ్చి పట్టినట్టు ప్రవర్తించవచ్చు. సారా, విస్కీ అయినా రోజూ ఎక్కువ తాగేవాడు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదమే. గదిలో పెట్టి గొళ్లెం వేయడం, నాటుమందు పెట్టడం, మాల వేయించడం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి డాక్టర్ చెప్పినట్టు మానిపించండి. 14446 కి ఫోన్ చేస్తే డీఅడిక్షన్ గురించి చెబుతారు.

కోడలి కాళ్లు పట్టుకోవడం మాత్రం మానండి. మీ కొడుకు మీద మీకు ప్రేమ ఉంది కాబట్టే చెబుతున్నాను. ఇంతకాలం అతను ఆగకపోవడానికి ఒక కారణం, కొట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ పిల్లనే బతిమిలాడటం. ఈసారి అతను చెయ్యి లేపితే మీరు ఆమెను, పిల్లల్ని తీసుకుని పక్కింటికి పోండి. పొద్దున అతను లేచాక "రాత్రి నువ్వేం చేశావో నేను చూశాను" అని ఒక్కమాట చెప్పండి. గ్రూపులో చాలామంది మగవాళ్లు చివరికి చెప్పేది ఏమిటంటే, మా అమ్మ ఒక్కసారైనా అడ్డం నిలబడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని. ఆమె కేసు పెడితే మీ కొడుకు జీవితం పాడైపోదు, పెట్టకపోతే ఒకరోజు పెద్ద కేసే కావచ్చు.

మీరంతా మగవాళ్లదే తప్పంటారు. ఆడవాళ్లు కొట్టరా? 498ఎ పెట్టి లోపల వేయించడం లేదా? – సూర్యాపేట నుంచి ఒకరు

కొట్టే ఆడవాళ్లూ ఉంటారు. మిమ్మల్ని కొడితే మీరూ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. భార్యను హింసించే భర్త, అత్తింటివాళ్ల మీద పెట్టే ఆ 498ఎ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. ఫిర్యాదు రాగానే అరెస్టు చేయకూడదని, అవసరం ఉందో లేదో చూసి నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది, అది ఇప్పటికీ అమల్లో ఉంది. మీ మీద తప్పుడు కేసు ఉంటే మంచి లాయర్‌ని చూసుకోండి. కానీ మా గ్రూపు దగ్గరికి ఆ వాదనతో రావద్దు. అక్కడికి వచ్చేది నేనేం చేశాను అని మాట్లాడుకోవడానికి. ఆమె ఏం చేసిందో మాట్లాడుకోవడానికి మన ఊళ్లలో ప్రతి టీ కొట్టు దగ్గరా ఏర్పాటు ఉంది.

నేను వనపర్తి జిల్లాలో గవర్నమెంట్ టీచర్‌ని. మా ఊళ్లో ఇలాంటి గ్రూపు పెట్టాలని ఉంది. ఎట్లా మొదలుపెట్టాలి?

ఇట్లా అడిగే మగవాళ్లు చాలా తక్కువ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అయినా మీరు వెంటనే కొట్టేవాళ్లను పిలిచి గ్రూపు పెట్టొద్దు. శిక్షణ లేకుండా, వాళ్ల భార్యలతో విడిగా మాట్లాడే మనిషి లేకుండా పెడితే అది మగవాళ్లు ఒకరి బాధ ఒకరు చెప్పుకుని ఓదార్చుకునే చోటైపోతుంది. ఇంటికి పోయి "సార్ కూడా నాదే రైటన్నాడు" అంటారు. ఆ దెబ్బ మళ్లీ ఆమె మీదే పడుతుంది.

మీకు చేతనైన పని వేరే ఉంది, అది ఇంకా పెద్దది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణం న్యాయమేనని మన తెలంగాణలో నూటికి 83 మందికి పైగా ఆడవాళ్లే చెప్పారు. అత్తమామల్ని గౌరవించకపోతే, ఇల్లు పట్టించుకోకపోతే, చెప్పకుండా బయటికి పోతే అని కారణాలు చదివి అడిగితే అవునన్నారు. అమ్మలే అట్లా అనుకునే ఇళ్ల నుంచి మీ తొమ్మిదో తరగతి పిల్లలు వస్తున్నారు. ముంబైలో మావా అనే సంస్థ, మగవాళ్లే 1993లో పెట్టుకున్నది, కాలేజీ కుర్రాళ్లతో ఇదే మాట్లాడుతోంది. ప్రేమించిన అమ్మాయి కాదంటే ఏం చేస్తావు, చెల్లెలి ఫోన్ నువ్వెందుకు చూస్తావు, ఇంట్లో నాన్న కొడుతుంటే నువ్వు ఎక్కడ నిలబడ్డావు అని కూర్చోబెట్టి అడుగుతారు. మీ స్కూల్లో, ఊళ్లో యువజన సంఘం కుర్రాళ్లతో మీరు ఇది చేయొచ్చు. ఉపన్యాసం ఇవ్వకుండా అడగండి, వాళ్లను చెప్పనివ్వండి. మూడో నాలుగో వారానికి ఎవరో ఒక పిల్లాడు అందరూ వెళ్లిపోయాక ఆగి, ఇంట్లో సంగతి చెబుతాడు. దానికి ముందే సిద్ధంగా ఉండండి: మహిళా సంఘంలో నమ్మకమైన ఇద్దరు ముగ్గురితో, సఖి కేంద్రంవాళ్లతో, స్టేషన్ ఎస్సైతో మాట్లాడి పెట్టుకోండి. ఆ పిల్లాడు చెప్పింది వాళ్ల నాన్నకు చేరకుండా చూసుకోండి, స్టాఫ్‌రూమ్‌లో కూడా అనొద్దు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు తరగతి గోడ మీద రాయించండి.

కొట్టేవాళ్ల గ్రూపే పెట్టాలనుంటే, ముందు ఒక శిక్షణ పొందిన మహిళా కౌన్సెలర్‌ని వెతుక్కుని ఆమెతో కలిసి నాకు మళ్లీ రాయండి, మేం ఎట్లా నడిపిస్తున్నామో కొన్ని ఆదివారాలు వచ్చి కూర్చుని చూద్దురుగాని.